తప్పు మాటలు, తప్పించుకునే మాటలు

ఇంగ్లీషు మాటల వాడకం మీద మనవాళ్ల ఫిర్యాదుల చిట్టా ఎప్పుడు చూసినా ఇంచుమించు ఒకటే. ప్రీపోన్ అనే మాట ఇంగ్లీషులో లేదు. కజిన్ బ్రదర్ అనకూడదు, కజిన్ అంటే చాలు. పాసౌట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం, చదువు పూర్తిచేయడం కాదు. డౌట్ అంటే అనుమానం, ప్రశ్న కాదు. రిటర్న్ అన్నాక మళ్లీ బ్యాక్ ఎందుకు? బ్యాక్‌సైడ్ ఇంటికి ఉండదు, మనిషికి ఉంటుంది. అప్‌డేషన్ ఎవరో గాల్లోంచి పుట్టించిన మాట. స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లలో, పోటీ పరీక్షల గైడ్లలో, కాలేజీ స్టాఫ్ రూముల్లో ఈ చిట్టా చేతులు మారుతూనే ఉంది. అయితే ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, అటు కొల్లేటి లంకల దాకా రోజువారీ మాటల్లో దొర్లే ఇంగ్లీషును నిదానంగా పరిశీలిస్తే ఈ చిట్టా మీద నమ్మకం సడలుతుంది. అందులో తప్పులుగా జమకట్టినవాటిలో చాలామటుకు అవసరం కొద్దీ పుట్టి, చెప్పాల్సిన సంగతిని సూటిగా చెప్పే మాటలే. నిజంగా ఒళ్లు మండాల్సిన మాటలు వేరే ఉన్నాయి. వాటిలో వ్యాకరణ దోషం ఉండదు, డిక్షనరీలో వాటికి చోటుంటుంది, పలికేవాళ్లు కూడా శుభ్రంగా పలుకుతారు. అందుకే అవి ఏ చిట్టాకీ ఎక్కవు.

ఈ చిరాకు మన ఒక్కరి సొత్తు కాదు. 1710లో జొనాథన్ స్విఫ్ట్ టాట్లర్ పత్రికలో లండన్ కుర్రకారు తెచ్చిపెట్టిన మాటల మీద విరుచుకుపడ్డాడు. ఆయనకు గిట్టని వాటిలో మాబ్, బ్యాంటర్ ఉన్నాయి. రెండేళ్లకు ఇంగ్లీషును చక్కదిద్ది ఒకచోట నిలబెట్టాలంటూ ఏకంగా ఒక ప్రతిపాదన అచ్చువేయించాడు. ఆయన కోరిన సంస్థ రాలేదు, మాబ్ పోలేదు. 1755లో నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ భాషకు కట్టుగొయ్య వేయడం మనిషి తరం కాదని ముందుమాటలోనే తేల్చేశాడు. 1832లో కవి కోల్‌రిడ్జ్ టాలెంటెడ్ అనే మాటను అనాగరికమని ఈసడించాడు. ఆయన అసహ్యించుకున్న మాటకు దగ్గరి చుట్టమైన టాలెంట్ ఇవాళ మన ఊళ్లలో టాలెంట్ టెస్టై, టాలెంట్ స్కూలై గోడల నిండా వెలుగుతోంది. మన దగ్గర ఇదే తగువు గ్రాంథికం, వ్యావహారికం పేర్లతో నడిచింది. గిడుగు రామమూర్తి చేసిన పెద్ద పని వ్యావహారికానికి వకాల్తా పుచ్చుకోవడం ఒక్కటే కాదు. గ్రాంథికం పట్టుకుని వేలాడినవారి రాతల్లోనే, వారు నమ్మిన వ్యాకరణం ప్రకారమే, దోషాలు ఏరి గద్య చింతామణిలో ముందు పెట్టారు. తప్పులు పట్టే కలం కూడా తనకు తెలియకుండా వాడుక వైపే జారుతుందని ఆ పుస్తకం నిరూపించింది. అంతకు చాలా ముందే సి.పి. బ్రౌన్ తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు, మిశ్ర వాడుకకు విడిగా ఒక నిఘంటువు 1854లో తెచ్చాడు. మచిలీపట్నం, రాజమండ్రిలలో ఉద్యోగం చేసిన మనిషి. కచేరీ మాట తెలియకపోతే దావా అర్థం కాదని ఎరిగినవాడు. జిల్లా, ఫిర్యాదు, వాయిదా, దస్తావేజు ఇవాళ ఎవరికీ పరాయి మాటల్లా వినిపించవు.

ఇక చిట్టాలోకి వద్దాం. అందరికన్నా ఎక్కువ దెబ్బలు తిన్నది కజిన్ బ్రదర్. ఇంగ్లీషువాళ్లకు కజిన్ ఒక్కటే సరిపోతుంది, ఆ చుట్టరికంలో వాళ్లు తేల్చుకోవలసింది పెద్దగా ఏమీ లేదు గనుక. తెలుగింట్లో సంగతి అది కాదు. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ, మేనత్త పిల్లలు బావలు, బావమరుదులు, వదినలు, మరదళ్లు. మొదటి వరసలో పెళ్లి ఊహకే రాకూడదు. రెండో వరసలో అడగకపోతే నిష్ఠూరం పెట్టుకునే కుటుంబాలు గోదావరి జిల్లాల్లో నిన్నమొన్నటిదాకా ఉన్నాయి, వెతికితే ఇప్పుడూ ఉంటాయి. వరస కలిపి పిలవడంలో పొరపాటు జరిగితే నాలుక కరుచుకునే జనానికి, ఈ రెండు వరసలనూ ఒకే మాటలో కలిపి పారేసే కజిన్ ఎలా చాలుతుంది? బ్రదర్ తగిలించి ఇతను అన్నదమ్ముల వరస అని తేల్చిచెప్పారు. ఇంగ్లీషులో తమకు కనిపించిన ఖాళీని తామే పూడ్చుకున్నారు. కో-బ్రదర్ సంగతీ అంతే. ఇంగ్లీషు బ్రదర్-ఇన్-లాలో బావ, బావమరిది, మరిది, తోడల్లుడు నలుగురూ ఇరుక్కుని కూర్చుంటారు. పెళ్లిలో వీళ్ల మర్యాదలు వేరు, పేచీలు వేరు. అత్తారింట్లో ఒకే హోదా పంచుకునే ఇద్దరు అల్లుళ్లకు కో-బ్రదర్స్ అని పేరు పెట్టినవాడు ఎవరో గానీ, అటు ఇంగ్లీషూ ఇటు చుట్టరికాలూ రెండూ బాగా ఎరిగినవాడు.

ప్రీపోన్ కథ మరీ విడ్డూరం. అది మనం పుట్టించిన మాట అని ఎగతాళి చేసేవారికి తెలియని సంగతేమిటంటే, పోస్ట్‌పోన్‌కు ఎదురు మాటగా దాన్ని వాడుకోవచ్చని 1913లోనే న్యూయార్క్ టైమ్స్‌కు ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఆ వాడకాన్ని నమోదు చేసింది. అక్కడ మొలవలేదు, ఇక్కడ మొలిచింది. ఎందుకు మొలిచిందో తెలుసుకోవడానికి తెలుగు వాక్యమే చాలు. పరీక్ష ముందుకు జరిపారు అన్నారనుకోండి. తేదీ దగ్గరికి వచ్చినట్టా, ముందుముందు ఎప్పుడో పెట్టినట్టా? ఇద్దరిని అడిగితే రెండు జవాబులు వస్తాయి. ఇంగ్లీషులో తేదీని ముందుకు జరపడం గురించి చెప్పే వాడుకలోనూ ఇదే తంటా ఉంది. పరీక్ష ప్రీపోన్ అయింది అన్న వాక్యానికి ఒకటే అర్థం. విన్న కుర్రాడు ఆ రాత్రే పుస్తకం తీస్తాడు. వాయిదా అనే అరువు మాటను సొంతం చేసుకున్న భాషకు దాని జత మాట కూడా కావాల్సి వచ్చింది, తెచ్చుకుంది. పాసౌట్ మీద ఆరోపణ కూడా అంత గట్టిది కాదు. సైనిక అకాడమీల్లో శిక్షణ ముగించుకున్నవారి కవాతును పాసింగ్ అవుట్ పరేడ్ అని ఇంగ్లాండులోనూ అంటారు. కారు వెనక అరకు డిక్కీ, అదనపు చక్రానికి స్టెప్నీ అనడం కూడా మన అజ్ఞానం కాదు. స్టెప్నీ వేల్స్‌లోని లానెల్లి ఊళ్లో ఒక వీధి పేరు. 1900ల తొలినాళ్లలో ఆ వీధిలోనే అదనపు చక్రం తయారైంది. వాళ్లు మరిచిపోయిన మాటను మన మెకానిక్కులు బతికించుకున్నారు.

అప్‌డేషన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని వెనకేసుకొచ్చేవారు దాదాపు లేరు. తహసీల్దారు ఆఫీసులో, గ్రామ సచివాలయంలో వినపడే పనుల పేర్లు వరసగా తలుచుకోండి: అప్లికేషన్, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్, వెరిఫికేషన్. ప్రతి పనీ షన్‌తో ముగిసే చోట అప్‌డేట్ అన్న ఒక్క మాట మాత్రం తోక తెగి కనిపిస్తుంది. పక్కవాటిని చూసి దానికీ ఒక షన్ అతికించారు. ఆధార్ అప్‌డేషన్ అంటే మామూలు మార్పు కాదు. ఫారం, క్యూ, వేలిముద్ర, ఫోనుకు వచ్చే ఓటీపీ అన్నీ కలిసిన ఒక తంతు. ఆ తంతు బరువంతా ఆ తోక మోస్తుంది. పోలిక మీద కొత్త మాట కట్టడం ఏ భాషలోనైనా జరిగే పనే. తెలుగు వ్యాకరణం ఇలాంటి అతుకులను ఎప్పుడో చట్టబద్ధం చేసింది: చివర ఉకారం చేర్చి రోడ్డు, బస్సు, బ్యాంకు అంది, చేయి, అవు తగిలించి ఏ ఇంగ్లీషు మాటనైనా క్రియగా మార్చుకుంది. ఫీలవడం అంటే నొచ్చుకోవడమని, ఓవరాక్షన్ అంటే అతి చేయడమని ఏ ఇంగ్లీషు నిఘంటువు చెప్పకపోయినా మనకు తెలుసు. చిప్స్‌లు, లేడీస్‌లు అన్న రెండింతల బహువచనాలు మాత్రం చెవికి కాస్త గుచ్చుకుంటాయని ఒప్పుకోవాలి.

అరువు మాటను తప్పుగా వాడటం మన ఒక్కరి అలవాటే అనుకునేవారికి పందికొక్కు జవాబు చెబుతుంది. డెల్టా గట్లను బొరియలు చేసి, కల్లంలో ధాన్యం మేసే ఆ జీవి పేరు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి బ్యాండికూట్‌గా వెళ్లింది. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దాన్ని తెలుగు మాటగానే చెప్పింది. ఆ పేరును ఇంగ్లీషువాళ్లు ఆస్ట్రేలియాలో, పొట్ట దగ్గర సంచిలో పిల్లల్ని పెంచుకునే మరో జంతువుకు తగిలించారు. దానికీ మన పందికొక్కుకూ ఏ బంధుత్వమూ లేదు. అయినా ఆ వాడకాన్ని ఎవరూ తప్పుల చిట్టాలో రాయలేదు. ఏలూరును ఎల్లోర్ అని, కొల్లేరును కొలైర్ అని రాసిన దొరలకు స్పెల్లింగు నేర్పినవారూ లేరు. 1847–52 మధ్య దవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాలువల వెంట వచ్చిన మాటలు ఇంకా మన నోళ్లలో ఉన్నాయి. పడవలు దాటే లాక్ మనకు లాకులు అయి, ఊళ్లకు కొండగుర్తయింది. తూము తలుపులు ఎత్తి దించే మనిషి లస్కరు. ఆ మాట పారసీలో సైన్యం. పోర్చుగీసు, ఇంగ్లీషు ఓడల్లో నావికుడు. గోదావరి కాలువ గట్టు మీద నీటిపారుదల శాఖ ఉద్యోగి. ఇన్ని మలుపులు తిరిగి వచ్చినా లస్కరును పిలిస్తే వచ్చేది లస్కరే, సిపాయి కాదు. మాట సరైనదా కాదా అన్నది అది ఎక్కడ పుట్టిందన్న దాన్నిబట్టి తేలదు.

మాటలు ఎంత చురుగ్గా పుడతాయో చూడాలంటే కైకలూరు, ఆకివీడు, భీమడోలు వైపు చెరువు గట్ల మీదికి వెళ్లాలి. ఇక్కడ సాగు పేరే ఆక్వా. లాటిన్‌లో అది నీరు, ఇంగ్లీషులో విడిగా వాడితే ఒక రంగు. ఆక్వాకల్చర్‌ను సగానికి తెంపి ఆక్వా రైతు, ఆక్వా ధరలు అనుకోవడం మనవాళ్ల పని. పిల్ల సీడు అయింది, మేత ఫీడు అయింది. 2009 తరువాత పుంజుకున్న వన్నామీ రొయ్య వెనామీ అయింది. పంగేసియస్ చేప ఏకంగా ఫంగస్ అయింది. బూజుకూ చర్మవ్యాధికీ ఉన్న ఇంగ్లీషు మాటే చేపకు పేరు కావడం చూసి బయటివారు నవ్వుతారు. ఫంగస్‌కు ఫంగస్ పట్టిందని చెప్పవలసి వస్తే ఏమవుతుందని అడుగుతారు. ఏమీ కాదు, రైతు మందుల షాపుకు వెళతాడు. అదే నీళ్లలో శీలావతి, బొచ్చె పాత పేర్లతోనే తిరుగుతున్నాయి. అవి ముందునుంచీ ఇక్కడివి కనుక పేర్లూ వాటితోనే ఉన్నాయి. అన్నిటికన్నా ముచ్చటైన మాట కౌంటు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. ముప్పై కౌంటు పెద్ద రొయ్య, వంద కౌంటు చిన్నది. అంకె పెరిగినకొద్దీ ధర దిగుతుంది. ఎంత కౌంటుకొచ్చింది అన్న ఒక్క ప్రశ్నలో రొయ్య వయసు, మేత ఖర్చు, పట్టుబడి ఇప్పుడా మరో వారం ఆగాలా అన్న బెంగ అన్నీ ఇమిడి ఉంటాయి. డీఓ పడిపోయింది అన్న మాట ఇంకా పదునైనది. నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ అది. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అది కూడా వాడుకోవడమే తప్ప ఇవ్వదు. తెల్లవారుజాముకు నిల్వ అడుగంటి రొయ్యలు పైకి తేలతాయి. చెరువు కాపలాదారుకు ఆ రెండక్షరాల పూర్తి రూపం తెలియకపోవచ్చు. ఆ మాట చెవిన పడగానే ఏరియేటర్ స్విచ్ వేయాలని మాత్రం తెలుసు. డిక్షనరీ పరీక్షలో తప్పినా చెరువు గట్టున ఈ మాటలు నెగ్గుతున్నాయి, అక్కడ పరీక్ష కూడా తేలికైనదేమీ కాదు.

ఇంతవరకూ వచ్చాక, అసలు పేచీ పెట్టుకోవాల్సిన మాటలు చూడాలి. నాకైతే వాటిలో మొదటిది మినరల్ వాటర్. డెల్టా చివరి ఊళ్లలో కాలువ నీరు, బోరు నీరు తాగలేక ఇంటింటికీ 20 లీటర్ల టిన్ను కొనుక్కునే రోజులివి. ఆ టిన్నులో ఉండేది ఆర్‌వో ప్లాంటు నీరు. ఆర్‌వో చేసే పనే నీటిలో కరిగిన లవణాలను వడకట్టి తీసేయడం. ఖనిజాలు తీసేసిన నీటికి ఖనిజాల నీరు అని పేరు. భారతీయ ప్రమాణాల సంస్థ సహజ మినరల్ వాటర్‌కూ ప్యాకేజ్డ్ తాగునీటికీ రెండు వేర్వేరు ప్రమాణాలు పెట్టింది. ఆటోలో వచ్చే టిన్ను మీద ఆ తేడా ఉండదు. ఇందులో స్పెల్లింగు తప్పు లేదు, వ్యాకరణం తప్పు లేదు, ఏ కోచింగ్ సెంటరూ దీన్ని దిద్దమనదు. ప్రీపోన్ ఎవరినీ మోసం చేయలేదు. ఈ మాట రోజూ, ఇంటికో టిన్ను చొప్పున, చేస్తోంది. కుళాయి నీరు తాగేలా ఎందుకు లేదన్న ప్రశ్నను కూడా అది చల్లగా పక్కకు నెట్టేస్తోంది. బడుల పేర్లలోనూ ఇదే వరస. కన్యస్త్రీలు లేని బడిని కాన్వెంటు అనడం పాత అలవాటు, దానివల్ల పోయేదేమీ లేదు. కానీ కాన్సెప్ట్, టెక్నో, ఇంటర్నేషనల్ అన్న మాటలు ఫీజు నిర్ణయిస్తాయి. మండలం దాటి వచ్చిన పిల్లలే అరుదైన ఇంటర్నేషనల్ స్కూలు బోర్డును తప్పు పట్టడానికి ఏ వ్యాకరణ సూత్రమూ పనికిరాదు.

ఆస్పత్రి మాటల్లో మంచివీ చెడ్డవీ పక్కపక్కనే కనిపిస్తాయి. బీపీ ఉంది, షుగరు ఉంది అన్న వాడుకను చదువుకున్నవారు ఆక్షేపిస్తారు. రక్తపోటు లేనివాడు బతికి ఉండడు కదా అన్నది వారి తర్కం. తర్కం సరే, కానీ డాక్టరు ముందు కూర్చున్న ఏ రోగికీ ఆ మాటతో గందరగోళం కలగలేదు. ఇప్పుడు 2020 డిసెంబరు తలుచుకోండి. ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి పడిపోయి ఆస్పత్రికి చేరారు. జనం ఆ లక్షణాన్ని ఫిట్స్ అన్నారు, జరిగింది అదే. పత్రికలు, చానెళ్లు దానికి మిస్టరీ వ్యాధి, వింత వ్యాధి అని పేరు పెట్టాయి. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల మీదికి కూడా దృష్టి వెళ్లింది. మిస్టరీ అన్న మాట మొదటి రెండు రోజులు నిజమే కావచ్చు. ఆ తరువాత కూడా అదే పేరు అతుక్కుని ఉండటం వల్ల, నీళ్లలోకో తిండిలోకో ఏం చేరింది, ఎవరి పర్యవేక్షణలో చేరింది అన్న ప్రశ్నల పదును తగ్గింది. వింత అన్నాక ఇక ఎవరూ జవాబుదారీ కారు.

కొల్లేరు దగ్గర ఈ రెండు రకాల మాటలూ ఢీకొంటాయి. 1999లో జీవో 120 ద్వారా ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. అభయారణ్యం దోషం లేని సంస్కృత సమాసం. అయితే అరణ్యమెక్కడ? ఉన్నది నీరు, కిక్కిస, గుర్రపుడెక్క. ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టుకోవడానికి చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టిన అరణ్యం అది. మాట శుద్ధంగా ఉన్నంత మాత్రాన అర్థం శుద్ధంగా ఉండదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. లంకల్లో తరాలుగా బతుకుతున్న మనుషులు ఈ మాట ప్రకారం ఒక అడవిలో చొరబడినవాళ్లు. కాంటూరు సంగతి దీనికి పూర్తిగా తిరగేత. సర్వే శాస్త్రంలో అది సమాన ఎత్తున్న చోట్లను కలిపే గీత. ఇక్కడ ఐదో కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు. గీతకు వెడల్పు ఉండదు. లంక గ్రామాల్లో మాత్రం ఐదో కాంటూరులో మా చెరువుంది అంటారు, మూడో కాంటూరుకు తగ్గించాలి అంటారు. 2008లో శాసనసభ తీర్మానం కూడా ఆ మాటే అంది. గీత ప్రాంతమైపోయింది, దానికి ఎకరాలూ అప్పులూ కోర్టు వాయిదాలూ వచ్చాయి. పాఠ్యపుస్తకం లెక్కన ఇది తప్పు వాడకం. కానీ అవతలివాడు ఏ నేల గురించి మాట్లాడుతున్నాడో, ఏం కోరుతున్నాడో ఈ మాటలో ఏదీ దాగలేదు.

దాచే మాట ఆక్రమణ. ఇంగ్లీషు కాగితాల్లో ఎన్‌క్రోచ్‌మెంట్. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు ఇచ్చింది. వాటినే సొసైటీ చెరువులంటారు. కొందరికి ప్రభుత్వం ఇచ్చిన డీ-ఫారం పట్టాలున్నాయి, కొందరివి సొంత జిరాయితీ భూములు. ఆ తరువాత డబ్బున్నవారు బయటి నుంచి వచ్చి లీజుల పేరుతో, బినామీల పేరుతో పెద్ద పెద్ద గట్లు పోశారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చి తెగ్గొట్టినప్పుడు కాగితం మీద వీటన్నిటికీ దాదాపు ఒకటే పేరు. ఎవరి అనుమతితో ఎవరు తవ్వారో చెప్పకుండానే వాక్యం ముగిసిపోయే వీలు ఆ నామవాచకంలో ఉంది. సరస్సును కాపాడటం అవసరమే, ఆ చెరువులు పోవలసినవే కావచ్చు. ఆ వాదన వేరు. కానీ సొసైటీ, జిరాయితీ, డీ-ఫారం, లీజు, బినామీ అంటూ ఏ భాషా శుద్ధి లేని మాటలతో లంకల జనం చూపించే తేడాలను, నిర్దుష్టమైన ఆ ఒక్క మాట చెరిపేసింది.

దీనికి రెండు వైపుల నుంచి అభ్యంతరాలు వస్తాయి. ఒకటి తెలుగు మీద ప్రేమ ఉన్నవారిది: ఇలా అన్నిటినీ ఒప్పుకుంటూ పోతే తెలుగు మాట మిగలదు కదా? ఇందులో నిజం ఉంది. తోడల్లుడు అన్న నిక్షేపంలాంటి మాట ఉండగా తెలుగు వాక్యంలోనే కో-బ్రదర్ అనడం నాకూ నచ్చదు. ఆ మాట ఇంగ్లీషులో మాట్లాడేటప్పటి అవసరం, అక్కడే ఉంటే బాగుంటుంది. మరీ ఒళ్లు మండేది భోజనం బల్ల దగ్గర. వరి, వడ్లు, బియ్యం, నూకలు, అన్నం అని చేను నుంచి కంచం దాకా అడుగడుక్కీ వేరే పేరున్న నేల ఇది. తాడేపల్లిగూడెం చుట్టూ ఎన్ని మిల్లులున్నాయో చూస్తే ఆ పేర్లు ఎందుకు కావలసివచ్చాయో తెలుస్తుంది. అక్కడ కూర్చుని కొంచెం రైస్ వేయండి అంటే, కజిన్ చుట్టరికాలను కలిపి పారేసినట్టే రైస్ ఆ పేర్లన్నిటినీ కలిపి పారేసింది. గూడబాతు ఉండగా పెలికాన్ అనడమూ అంతే. అంటే మాట అరువుదా సొంతమా అన్నది నా కొలత కాదు. తాను తోసేసిన మాటకన్నా అది ఎక్కువ చెబుతోందా, తక్కువ చెబుతోందా అన్నదే కొలత. ఆ లెక్కన డీఓ నెగ్గుతుంది, రైస్ ఓడుతుంది.

రెండో అభ్యంతరం తల్లిదండ్రులది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. సర్కారు బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం అంటూ 2019 నవంబరులో జీవో 81 వచ్చి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు జరిగిన రభస చూస్తే, ఈ భాష మీద ఎన్ని ఆశలు వేలాడుతున్నాయో అర్థమవుతుంది. డల్లాస్‌లో ఇంటర్వ్యూకు కూర్చున్న అమ్మాయి ఫలానా ఏడాది పాసౌట్ అయ్యానంటే అవతలివాళ్లు కంగారుపడతారు, నిజమే. కానీ తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన నిట్‌లో ఒడిశా పిల్లవాడూ భీమవరం పిల్లవాడూ ఒకరితో ఒకరు పాసౌట్, ప్రీపోన్, డౌట్ అనే మాట్లాడుకుంటారు, ఇద్దరికీ అర్థమవుతుంది. ఈ దేశంలో కోట్లమంది పంచుకునే ఇంగ్లీషు ఇది. క్లాసులో చెప్పాల్సింది ఈ మాట తప్పు అని కాదు, ఈ మాట సముద్రం దాటదు అని. అక్కడ గ్రాడ్యుయేట్ అయ్యానని చెప్పు, ఇక్కడ నీ ఇష్టం. ఇలా చెబితే పిల్లలకు రెండు వాడుకలు వస్తాయి. తప్పు అని కొడితే బెరుకు ఒక్కటే వస్తుంది. మినరల్ వాటర్ అన్న మాటకు అర్థం, టిన్నులో ఉన్నదానికి పేరు రెండూ బోర్డు మీద రాయించడం కూడా అదే పీరియడ్‌లో చేయదగ్గ పని.

చిట్టాలు రాసే ఓపిక ఉన్నవారికి మరో పని మిగిలి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం వచ్చింది. ఊరూరా తిరిగి నాగలి భాగాల పేర్ల దగ్గర్నుంచి రైతుల నోటి మాటలను చేర్చిన పుస్తకం అది. అప్పటికి కొల్లేటిలో రొయ్యల కౌంటు లేదు, వెనామీ లేదు, ఏరియేటర్ లేదు. ఆ పద్ధతిలోనే ఆక్వా మాటల సంపుటం ఒకటి తయారు కావాలి. అందులో ఫంగస్‌కు చేప అన్న అర్థం మొదట, బూజు రెండోది. కౌంటు దగ్గర అంకె పెరిగితే ధర తగ్గుతుందన్న వివరణ. కాంటూరు దగ్గర సర్వేయరు అర్థం, లంకవాసి అర్థం రెండూ ఇవ్వాలి. వాటిలో రెండోదానికి హద్దులు ఎక్కడ అన్నది రాయబోతే, ఆ పద్దు మీద మాత్రం కైకలూరులోనూ భీమడోలులోనూ కనీసం నాలుగు అభ్యంతరాలు వస్తాయి. అవన్నీ కూడా నమోదు చేయాలి.